రేపటి ప్రశ్నపత్రం

2011 మార్చిలో ఇంటర్మీడియట్ వార్షిక పరీక్షలకు నన్ను దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీ కేంద్రానికి డిపార్ట్‌మెంటల్ ఆఫీసరుగా నియమిస్తూ ఉత్తర్వు వచ్చింది. ప్రభుత్వ జూనియర్ కాలేజీలో పౌరశాస్త్రం చెప్పడం మొదలుపెట్టి అప్పటికి పంతొమ్మిదేళ్లయింది. మాది నల్లగొండ జిల్లాలో ఒక పల్లె. సరూర్‌నగర్ చెరువు దగ్గర కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. కేంద్రం ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దూరంలోనే ఉందని సంతోషించాను. ఆ సంతోషం ఎనిమిది రోజులు నిలిచింది.

ఈ ఉద్యోగం తెలియనివాళ్ల కోసం రెండు మాటలు చెప్పాలి. ప్రతి పరీక్షా కేంద్రంలో ఇద్దరు అధికారులు ఉంటారు. పరీక్ష ఏ కాలేజీలో జరుగుతుందో ఆ ప్రిన్సిపాల్ చీఫ్ సూపరింటెండెంట్. ఆయన మీద ఒక కన్ను వేసి ఉంచడానికి ప్రభుత్వం పంపే లెక్చరరు డిపార్ట్‌మెంటల్ ఆఫీసరు. ప్రశ్నపత్రాలు కాలేజీలో ఉండవు. పరీక్షలన్నీ అయ్యేదాకా అవి పోలీసు స్టేషన్‌లో, రెండు తాళాల ఇనుప పెట్టెలో ఉంటాయి. ఒక తాళంచెవి ఆయన దగ్గర, ఇంకొకటి నా దగ్గర. రోజూ పొద్దున ఇద్దరం కలిసి వెళ్లి, రెండు తాళాలూ తీసి, ఆ రోజు కట్ట ఒక్కటే బయటికి తీసి, రిజిస్టర్‌లో రాసి సంతకాలు పెట్టి, మళ్లీ తాళాలు వేసి రావాలి. కట్ట అంటే మందపాటి గుడ్డలో పెట్టి కుట్టిన మూట. దారం ముడి మీద ఎర్రటి లక్కముద్ర, పైన సబ్జెక్టు, పేపరు, తేదీ రాసిన చీటీ ఉంటాయి. దాన్ని పరీక్షకు పావుగంట ముందు, ఇద్దరు ఇన్విజిలేటర్ల ఎదుట మాత్రమే విప్పాలి.

ఇంకో నియమం కూడా ఉంది. ఏ సబ్జెక్టు పరీక్ష జరుగుతుందో ఆ సబ్జెక్టు చెప్పే లెక్చరరు ఆ రోజు కేంద్రం ఛాయలకు రాకూడదు. పిల్లలకు సైగ చేస్తాడనీ, జవాబులు అందిస్తాడనీ అనుమానం. కాబట్టి సివిక్స్ పరీక్ష రోజు నాకు సెలవు. నా బదులు ఇబ్రహీంపట్నం వైపు నుంచి ఒక ఫిజిక్స్ లెక్చరరు రావాలి.

ఆ రోజుల్లో తెలంగాణ ఉద్యమం మా వీధి మలుపు దాకా వచ్చి ఆగేది కాదు, ఇంట్లోకే వచ్చేది. నేనూ అందులో ఉన్నాను. పొద్దున ప్రభుత్వ రిజిస్టర్‌లో సంతకం పెట్టేవాణ్ని, సాయంత్రం ఆ ప్రభుత్వాన్ని కదలనివ్వం అని చెప్పే శిబిరంలో కూర్చునేవాణ్ని. ఈ రెండూ చేసే నాలాంటివాళ్లు వేలమంది ఉండేవారు. ఎవరికీ వింతగా అనిపించలేదు, నాకూ అనిపించలేదు. సరిగ్గా మొదటి సంవత్సరం సివిక్స్ పరీక్ష రోజునే విజయవాడ రహదారి మీద వంటావార్పుకు పిలుపు వచ్చింది. రోడ్డు మధ్యలో రాళ్ల పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే కూర్చుని తిని, బండి అన్నది కదలకుండా చేయడమే వంటావార్పు. పరీక్షలు రాసే పిల్లల్ని వదిలేస్తామని ముందే చెప్పారు. లెక్చరర్ల సంగతి ఎవరూ చెప్పలేదు.

పొద్దున ఆరున్నరకు ఫిజిక్స్ లెక్చరరు ఫోన్ చేశాడు.

“సార్, డిపోల కెళ్లి ఒక్క బస్సు ఎల్తలేదు. ఆటోలు సుత బంద్. నేనెట్ల రావాలె?”

జిల్లా కార్యాలయానికి ఫోన్ చేశాను. అవతల ఉన్న అధికారికి అప్పటికే పది కేంద్రాల నుంచి ఇలాంటి ఫోన్లే వచ్చి ఉంటాయి. ఇవాళ్టికి మీరే కానివ్వండి, ఉత్తర్వు తర్వాత పంపుతాం అని పెట్టేశాడు. సివిక్స్ చెప్పేవాడు సివిక్స్ పరీక్షకు అధికారిగా, చేతిలో రాతపూర్వకంగా ఏమీ లేకుండా బయల్దేరడం అప్పుడే నాకు నచ్చలేదు. అయినా బయల్దేరాను.

చీఫ్ సూపరింటెండెంట్ రామ్మోహనరావు గారిది రేపల్లె దగ్గర పల్లె. దిల్‌సుఖ్‌నగర్‌కు వచ్చి ఇరవై రెండేళ్లయింది. మెత్తటి మనిషి, అందర్నీ ‘అండీ’ అనేవాడు. ఆ రోజు ఆయన కాలేజీ బోర్డు మీద ఒక గుడ్డ కప్పి ఉంది. ఆంధ్రవాళ్ల కాలేజీ అని రోడ్డు మీదికి తెలియకూడదని. ఇద్దరం ఆయన పాత కారులో సందులన్నీ తిరిగి, ఇంకా మూసుకుపోని ఒకచోట పెద్ద రోడ్డు దాటి, ఎనిమిదింటికి స్టేషన్ చేరాం. అప్పటికే రోడ్డు మీద రాళ్లు దించుతున్నారు, వంటచెరకు పేరుస్తున్నారు.

స్టేషన్‌లో హెడ్ కానిస్టేబుల్ నర్సింహ ఒక్కడే ఉన్నాడు. మిగిలినవాళ్లంతా ఎల్బీ నగర్ చౌరస్తాకు పోయారు. జిల్లా బస్సులన్నీ వచ్చి కలిసేది అక్కడే కాబట్టి పోలీసుల భయమంతా ఆ చౌరస్తా గురించే.

“సార్, మీ ఎంబడి పంపనీకి ఒక్క మనిషి లేడు. జర జల్ది తీస్కపోండ్రి. రోడ్డు మూస్తే నాతోని గాదు” అన్నాడు.

పెట్టె తెరిచాం. బయట డప్పు మొదలైంది. నేను వంగి చూశాను. ‘సివిక్స్’ అన్న అక్షరాలు కనిపించాయి. కట్ట తీసి రామ్మోహనరావు గారి చేతికిచ్చాను. రిజిస్టర్‌లో ‘సివిక్స్, మొదటి పేపరు’ అని రాశాను. చీటీ చూసి కాదు, తలలో ఉన్న టైంటేబుల్ చూసి రాశాను. ఇద్దరం సంతకాలు పెట్టాం. అదే కెమిస్ట్రీ కట్ట అయితే చీటీ మూడుసార్లు చదివేవాణ్ని. సివిక్స్ నా సబ్జెక్టు. నా ఇంటి తలుపు మీద నంబరు నేను చదువుతానా?

కాలేజీకి వచ్చేసరికి ఎనిమిదిన్నర దాటింది. పిల్లలు హాల్లో కూర్చున్నారు. ఎనిమిది నలభై అయిదుకు గదిలో సాక్షులుగా ఇద్దరు ఇన్విజిలేటర్లను పిలిచాం. అందులో సులోచన గారని తెలుగు మేడమ్ ఉండేవారు, పద్ధతి అంటే పద్ధతే. నేను కత్తెర పెట్టి మొదటి కుట్టు తెంపాను. ఆవిడ చేయెత్తి, “ఆగండి సార్, చీటీ చదవాలి గదా” అని, బడిపిల్లలా గట్టిగా చదివారు. “సివిక్స్. రెండవ పేపరు. ద్వితీయ సంవత్సరం.” తర్వాత మర్నాటి తేదీ చదివారు.

గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. కత్తెర నా చేతిలోనే ఉంది. తెగిన దారం కొన చిన్న తోకలా లేచి నిలబడింది. లక్కముద్ర చెదరలేదు, లోపలి కవరు చెదరలేదు, తెగింది ఒక్క కుట్టే. కానీ రేపటి ప్రశ్నపత్రం ఇవాళ పోలీసు స్టేషన్ బయట ఉంది. అది ఒక్కటి బయటికి పొక్కితే రాష్ట్రమంతటా పరీక్ష రద్దవుతుంది. తీసినవాడు సివిక్స్ లెక్చరరు, ఆ రోజు అక్కడ ఉండకూడని మనిషి. సాయంత్రమైతే శిబిరంలో కూర్చునేవాడు కూడా. పొరపాటున తీశాడంటే నా భార్య కూడా నమ్మదనిపించింది. అరెస్టు, సస్పెన్షన్ అన్న మాటలు నాకు అంతవరకూ పేపర్లో చదివే మాటలు. ఆ నిమిషంలో వాటికి నా పేరు తగులుకుంది.

రామ్మోహనరావు గారు కట్టను బీరువాలో పెట్టి తాళం వేద్దామన్నారు. కుదరదని నాకు తెలుసు. స్టేషన్ పెట్టె తెరవాలంటే ఇద్దరి తాళంచెవులూ కావాలి, ఇద్దరం పోవాలి. మేమిద్దరం లేని గదిలో రేపటి పేపరు ఉంచడమంటే చేజేతులా ఉరి వేసుకోవడమే. కట్టను ఒక కూరగాయల సంచిలో పెట్టుకుని బయల్దేరాం. పిల్లల్ని కూర్చోబెట్టి ఉంచమని సులోచన గారికి చెప్పాం.

కారు మొదటి సందు చివరే ఆగిపోయింది. పెద్ద రోడ్డు కొత్తపేట దాకా జనం. అప్పటికింకా ఆ రోడ్డు మీద మెట్రో స్తంభాలు లేవు, చూపు చాలా దూరం పోయేది. పోయినంత దూరమూ పొగ, పొయ్యిలు, గులాబీ కండువాలు. నేను రోజూ వాళ్ల మధ్య కూర్చునేవాణ్నే. సంచి చేతిలో ఉన్నందుకు ఆ రోజు వాళ్లంటే భయమేసింది.

కారు దిగేముందు నేనొక మాట అన్నాను. ఇన్నేళ్లయినా అది మరిచిపోలేదు. “సార్, దాటేదాకా మీరు మాట్లాడకండి” అన్నాను. ఆయన మాట వింటే ఆయన ఎక్కడివాడో తెలిసిపోతుందని. ఆయన నన్ను ఒకసారి చూసి, తలూపి, జేబురుమాలుతో మూతి తుడుచుకున్నారు.

సగం రోడ్డు దాటాం. ఒక గంగాళం దగ్గర కట్టెలు ఎగదోస్తున్న మనిషి లేచి అడ్డం వచ్చాడు. ఖాకీ చొక్కా మీద కండువా, నలభై అయిదేళ్లుంటాయి. ఆటో నడుపుతాడనీ, పేరు లింగస్వామి అనీ తర్వాత తెలిసింది.

“ఏంది సార్, సంచిల?”

“ఆఫీసు కాగితాలు” అన్నాను.

“ఆఫీసులన్ని బందున్నయి గద సార్. గీ పొద్దు ఏ ఆఫీసు నడుస్తున్నది?”

చుట్టూ పదిమంది చేరారు. వెనక నుంచి ఎవరో, “గాయన ఆంధ్ర కాలేజోడు గదనే” అన్నారు. లింగస్వామి సంచిలో చేయి పెట్టాడు. నేను సంచి వదల్లేదు, లాక్కోనూ లేదు. లాగితే కుట్లు పోతాయి. ఆయన బొటనవేలు సరిగ్గా లక్కముద్ర మీద ఆగింది. నేను ఒక్క క్షణం కళ్లు మూసుకున్నాను, అది చెప్పడానికి సిగ్గు పడను.

అప్పుడు రామ్మోహనరావు గారు నోరు విప్పారు. తన ఊరి మాటలోనే, ఎప్పటిలాగే మెల్లగా.

“బాబూ, అబద్ధం ఎందుకండీ. అవి ప్రశ్నపత్రాలు. రేపటి రెండో సంవత్సరం పిల్లలవి. మా పొరపాటే, ఇవాళ్టివి అనుకుని తెచ్చేశాం. ఇవి స్టేషన్లో పెట్టేసి, ఇవాళ్టివి తెచ్చుకోవాలి. అక్కడ పిల్లలు కాగితం కోసం కూర్చునున్నారు. ఆ లక్క ఊడిందా, పిల్లలందరూ మళ్లీ రాయాల్సిందేనండి.”

డప్పు మాత్రం ఆగలేదు. నాకు ఆ పదిమంది ముఖాలూ కనిపించడం మానేశాయి, సంచిలో ఉన్న ఆ చేయి ఒక్కటే కనిపిస్తోంది.

లింగస్వామి చేయి వెనక్కి తీశాడు. పొయ్యి మీది గిన్నె తగిలినవాడిలా తీశాడు.

“మా బిడ్డ సెకండియరే సార్. రేపు ఆమెదే పరీక్ష” అన్నాడు. ఆ గొంతులో ఉన్నది పేపరు మీద ఆశ కాదు, భయం. తర్వాత వెనక్కి తిరిగి గట్టిగా అరిచాడు. “ఓ అన్నా, ఎవ్వలు ముట్టకుండ్రి! చేతులు కలుపుండ్రి, సార్లకు తొవ్వ ఇయ్యుండ్రి!”

రెండు వరసలుగా జనం చేతులు పట్టుకున్నారు. మధ్యలో మేమిద్దరం, ముందు లింగస్వామి. నాకు ఇవ్వడానికి ప్రభుత్వం దగ్గర ఒక్క కానిస్టేబుల్ లేని రోజున, ప్రభుత్వాన్ని ఆపడానికి వచ్చినవాళ్లు నన్ను స్టేషన్ మెట్ల దాకా తీసుకుపోయారు. భయం మాత్రం తగ్గలేదు. వరసలో ఒక్క చేయి వదిలినా చాలు అనుకుంటూ నడిచాను.

స్టేషన్‌లో కట్టను సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టాను. లింగస్వామి గడప దగ్గర ఆగాడు. నర్సింహ వంగి కట్టను చూశాడు. తెగిన కుట్టు చూశాడు. అందరం చూశాం.

లింగస్వామి మొహంలో రంగు పోయింది. “నేను తెంపలే సార్” అన్నాడు. “ఒట్టు. నేను ముద్ర ముట్టిన గని దారం తెంపలే.”

బయట జనంలో రోడ్డంతా ఆపి నిలబడ్డ మనిషి. ఒక్క హెడ్ కానిస్టేబుల్ తప్ప పోలీసుల్లేని స్టేషన్‌లో, బల్ల మీది ఒక గుడ్డమూటను చూసి వణుకుతున్నాడు. నేను జవాబు చెప్పేలోపే నర్సింహ నన్ను పక్కకు పిలిచి మెల్లగా చెప్పాడు.

“సార్, పరేషాన్ గాకుండ్రి. దారిల జనం గుంజులాడిన్రు, గప్పుడు తెగింది అని రాయండ్రి. ఎవ్వలైనా నమ్ముతరు. మీకేం గాదు.”

నిజమే, ఎవరైనా నమ్ముతారు. ఆ రోజు ఆ రోడ్డు మీద ఏది జరిగిందన్నా నమ్ముతారు. పేరు కూడా అక్కర్లేదు, ‘ఆందోళనకారులు’ అంటే చాలు. పేరు కావాలంటే అదీ గడప దగ్గరే నిలబడి ఉంది. కేసు ఆయన మీద పడుతుంది, నేను జాగ్రత్తగా పేపరు కాపాడిన అధికారినవుతాను. నన్ను నిందించడానికి ఒక్క కాగితం ఉండదు.

రిజిస్టర్ తెరిచి వివరణ గడిలో రాయడం మొదలుపెట్టాను. మొదటి మాట ‘దారిలో’ అని రాశాను.

నిజం చెప్పాలంటే, రాసేద్దామనే అనుకున్నాను. చేయి కదిలింది కూడా. తలెత్తి చూస్తే లింగస్వామి నా మొహం చూడటం లేదు, నా పెన్ను చూస్తున్నాడు. ఏం రాస్తున్నానో ఆయనకు కనిపించదు. అయినా కదిలే పెన్ను నుంచి కళ్లు తిప్పలేదు. కాసేపటి క్రితం రోడ్డు మీద నేను ఆయన చేతిని ఎలా చూశానో ఆయన నా పెన్నును అలాగే చూస్తున్నాడు.

రామ్మోహనరావు గారు నా భుజం మీదుగా ఆ ఒక్క మాట చదివారు. మళ్లీ జేబురుమాలుతో మూతి తుడుచుకున్నారు. మాట్లాడొద్దని చెప్పింది నేనే కదా.

‘దారిలో’ అన్న మాట కొట్టేశాను. మా కొలువులో కొట్టివేత పక్కన పొట్టి సంతకం పెట్టాలి, లేకపోతే ఎవరో దిద్దారంటారు. పొట్టి సంతకం పెట్టి, తర్వాత ఇలా రాశాను. కట్ట తీసేటప్పుడు నేను చీటీ చదవలేదు. కేంద్రంలో నా చేతి కత్తెరతో ఒక కుట్టు తెగింది. ముద్ర, లోపలి కవరు చెదరలేదు. తిరిగి తెచ్చే దారిలో ఎవరి వల్లా ఏ ఇబ్బందీ కలగలేదు. రాసినదంతా పైకి చదివి వినిపించాను. లింగస్వామి గడపకు ఆనుకుని ఊపిరి వదిలాడు.

సరైన కట్ట తీసి ముగ్గురం చదివాం. గడప దగ్గర నుంచి, “మల్లొకపాలి సదువుండ్రి సార్” అన్నాడు లింగస్వామి. మళ్లీ చదివాం. అదే వరస మమ్మల్ని తిరిగి సందు దాకా దింపింది. తొమ్మిదీ ఇరవై అయిదుకు పరీక్ష మొదలైంది. పోయిన ఇరవై అయిదు నిమిషాలూ చివర్లో పిల్లలకు కలిపి ఇచ్చి, ఆ సంగతి కూడా నివేదికలో రాశాం.

హాల్లో తిరుగుతూ ఒక పిల్ల బల్ల మీది ప్రశ్నపత్రం చూశాను. రాజ్యం మౌలిక లక్షణాలను వివరించమని ఒక పెద్ద ప్రశ్న. ఆ పిల్ల అప్పటికే నాలుగు ఉపశీర్షికలు రాసి కింద గీతలు గీసింది. జనాభా, భూభాగం, ప్రభుత్వం, సార్వభౌమాధికారం. ప్రతి ఏడూ నేను చెప్పినవే, అదే వరసలో. సార్వభౌమాధికారం కింద నేను ఒక వాక్యం తప్పనిసరిగా రాయించేవాణ్ని, రాజ్యానికి నిర్బంధించే శక్తి ఉంటుంది కాబట్టి జనం చట్టానికి లోబడతారని. ఆ పొద్దున పెద్ద రోడ్డు మీద నిర్బంధించే శక్తి ఒక్కటీ లేదు. అదంతా ఎల్బీ నగర్ చౌరస్తాలో ఉంది. లింగస్వామి చేయి లక్క మీంచి ఎందుకు వెనక్కి వచ్చిందో ఆ వాక్యంతో నేను చెప్పలేకపోయాను. స్టేషన్ గడపలో ఆయన ఎందుకు వణికాడో మాత్రం చెప్పగలను. ఆ వణుకు నా పెన్ను ఏం రాస్తుందోనని వచ్చింది.

పరీక్ష అయ్యాక రామ్మోహనరావు గారి గదిలో టీ తాగాం. రోడ్డు మీద అన్న మాటకు క్షమించమని అడిగాను.

“పర్లేదండీ యాదగిరి గారూ” అన్నారాయన. కప్పు కింద పెట్టి మళ్లీ అన్నారు. “ఇరవై రెండేళ్లలో ఈ రోడ్డు మీద నన్ను నోరు మూసుకోమన్నది మీరొక్కరేనండి. అదీ చదువుకున్న మనిషి.”

ఆయన నవ్వలేదు. నేను టీ పూర్తి చేయలేదు.

మర్నాడు రెండో సంవత్సరం పరీక్ష అనుకున్నట్టే జరిగింది. లోపలి కవరు చెదరలేదని పైఅధికారులు తేల్చుకున్నారు. రెండు నెలల తర్వాత జిల్లా కార్యాలయంలో నా మీద విచారణ పెట్టారు. అంతకుముందు అరవై రాత్రులు నేను సరిగ్గా నిద్రపోలేదు. విచారణ అధికారి తెల్లజుట్టు పెద్దమనిషి. రిజిస్టర్ తిప్పి నా ముందు పెట్టి ఒక్క ప్రశ్నే అడిగారు. ‘దారిలో’ అని రాసి ఎందుకు కొట్టేశారు?

భయపడి రాశాను సార్, అన్నాను.

కొట్టేసింది ఎందుకు అని మళ్లీ అడిగారు. అదీ భయపడే సార్, అన్నాను. ఆయన రెండు జవాబులూ ఉన్నవి ఉన్నట్టు రాసుకున్నారు. నా సర్వీసు రిజిస్టర్‌లో అభిశంసన, అంటే రాతపూర్వక మందలింపు, అని ఒక వాక్యం ఎక్కింది. తప్పు నాదేనని నేను రాసినా, మరుసటి ఏడాది రామ్మోహనరావు గారి కాలేజీకి పరీక్షా కేంద్రం ఇవ్వలేదు. లింగస్వామిని నేను మళ్లీ చూడలేదు. ఆయన బిడ్డ పేరు అడగలేదు కాబట్టి ఫలితాల్లో వెతకడానికీ వీల్లేకపోయింది.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా పెట్టె తెరిచిన ప్రతి పొద్దునా చీటీని వేరేవాళ్ల చేత పైకి చదివించాను, తెలిసిన సబ్జెక్టయితే రెండుసార్లు. తరగతిలో రాజ్యం పాఠం మార్చలేదు, పరీక్షలో మార్కులు పడేది ఆ నాలుగు లక్షణాలకే. నిర్బంధ శక్తి గురించి రాయించే వాక్యం మాత్రం మానేశాను. ఆ పొద్దున నేను నేర్చుకున్నది ఇంతే. రాజ్యం లాఠీలోనే ఉంటుందని నమ్మి, ఆ రాజ్యం పెన్ను పట్టుకున్నవాడు తనను తాను ఎవరికీ హాని చేయలేని చిన్న మనిషి అనుకుంటాడు. నేనూ అలాగే అనుకున్నాను. ఒక మనిషి బతుకు పాడవడానికి ‘దారిలో’ అన్న మాట తర్వాత నేను ఇంకో నాలుగు మాటలు రాసుంటే సరిపోయేది.